గణితం, సామాజిక శాస్త్రాల పబ్లికేషన్ల లెక్క: స్కోపస్ చూపించే అంకె సరిపోతుందా?

వడ్డేపల్లి (సోమవారం, ఉదయం 10:15)
అందరికీ నమస్కారం. కాకతీయ యూనివర్సిటీ లాంటి రాష్ట్ర యూనివర్సిటీకి గణితం, సామాజిక శాస్త్రాల్లో ఐదేళ్ళ పరిశోధన లెక్క తీసి ఐక్యూఏసీకి (యూనివర్సిటీలో నాణ్యత చూసే విభాగానికి) ఇవ్వాలి. స్కోపస్‌లో (పరిశోధన పేపర్ల వివరాలు, సైటేషన్లు ఉండే డేటాబేస్‌లో) యూనివర్సిటీ పేరు కొట్టి, పక్కన సబ్జెక్టు ఏరియాలో ‘మ్యాథమెటిక్స్’ మీద టిక్ పెడితే ఒక అంకె, ‘సోషల్ సైన్సెస్’ మీద పెడితే ఇంకో అంకె వస్తున్నాయి. గణితం అంకె ఆ శాఖలో ఉన్న అధ్యాపకుల సంఖ్యతో పోలిస్తే పెద్దగా ఉంది. సామాజిక శాస్త్రాలది మరీ చిన్నది. ఎకనామిక్స్, హిస్టరీ, సోషియాలజీ, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ అన్నీ కలిపినా ఇంతేనా అనిపిస్తోంది. ఈ అంకెలే రిపోర్టులో వేయొచ్చా?

లైబ్రరీ_అక్క (సోమవారం, ఉదయం 11:02)
వేయొద్దండి. సబ్జెక్టు సంగతి తర్వాత, ముందు పేరు దగ్గరే లెక్క తప్పుతుంది.

‘కాకతీయ’ అని కొడితే కాకతీయ మెడికల్ కాలేజీ వస్తుంది, కాకతీయ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అండ్ సైన్స్ వస్తుంది, కాకతీయ ప్రభుత్వ కళాశాల వస్తుంది. ఇవన్నీ యూనివర్సిటీ శాఖలు కావు. సుబేదారిలోని యూనివర్సిటీ ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీది మాత్రం తిరకాసు. అది యూనివర్సిటీ సొంత కాలేజీయే, కానీ పేపర్లో రచయిత ఒట్టి కాలేజీ పేరు, సుబేదారి, హన్మకొండ అని రాసి ఊరుకుంటే ఆ పేపరు యూనివర్సిటీ ఖాతాలో పడదు.

అందుకని పేరుతో వెతకకుండా, స్కోపస్ ప్రతి సంస్థకూ ఇచ్చే అఫిలియేషన్ ఐడీతో వెతకండి. ఆ ఐడీలో చేరకుండా బయట మిగిలినవాటి కోసం విడిగా ఇంకో సెర్చ్ చేయాలి. అడ్రసులో 506009 పిన్ కోడ్, ‘విద్యారణ్యపురి’, ‘సుబేదారి’ ఉన్నవి పట్టుకోండి. ‘హనుమకొండ’, ‘హన్మకొండ’ రెండు స్పెల్లింగులూ ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాస్తారో అన్ని రకాలుగా కొట్టండి. 2014కు ముందు పేపర్లలో రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అనే ఉంటుంది కాబట్టి రాష్ట్రం పేరుతో వడగట్టొద్దు. ఎన్ఐటీ వరంగల్ పిన్ 506004. ‘వరంగల్’ అని మాత్రమే సెర్చ్ చేస్తే అక్కడి పేపర్లన్నీ వచ్చి కలుస్తాయి. ఎన్ఐటీ వాళ్ళు లెక్క తీస్తుంటే వాళ్ళకూ ఒక మాట: 2002కు ముందు పేపర్లు రీజినల్ ఇంజనీరింగ్ కాలేజ్ పేరు మీద ఉంటాయి.

ఐదేళ్ళకే అయితే ఇది అక్కర్లేదు గానీ, పాత లెక్క తీసేవాళ్ళు కరీంనగర్ సంగతి కూడా చూసుకోవాలి. శాతవాహన యూనివర్సిటీ 2008లో వచ్చింది. అంతకుముందు అక్కడి పీజీ సెంటర్ కాకతీయదే.

మెట్టుగుట్ట (సోమవారం, మధ్యాహ్నం 1:20)
మేడం పేరు సంగతి చెప్పారు. గణితం అంకె ఎందుకు ఉబ్బిందో నేను చెప్తాను.

స్కోపస్‌లో సబ్జెక్టు ముద్ర పేపరుకు కాదు, జర్నలుకు వేస్తారు. ఒక్కో జర్నలుకు రెండు మూడు ముద్రలు కూడా ఉంటాయి. ఒక్కో ముద్రకూ ఒక కోడ్ నంబరు ఉంటుంది. వాటిలో 26తో మొదలయ్యేవి గణితానివి. అందులో 2614 అంటే థియరిటికల్ కంప్యూటర్ సైన్స్. స్ప్రింగర్ వాళ్ళ లెక్చర్ నోట్స్ ఇన్ కంప్యూటర్ సైన్స్ అనే సిరీస్‌కు ఆ ముద్ర ఉంది. అంటే కంప్యూటర్ సైన్స్ శాఖలో ఒకరు ఆకు తెగుళ్ళను ఫొటోల్లో గుర్తుపట్టే కాన్ఫరెన్స్ పేపరు ఆ సిరీస్‌లో వేసినా, టిక్ పెట్టగానే ‘గణితం’లోకి వచ్చేస్తుంది. ఇంజనీరింగ్ కాలేజీ ఉన్న ఏ యూనివర్సిటీకైనా గణితం అంకె పెరగడానికి ఇది పెద్ద కారణం.

రెండో వైపు కూడా చూడండి. మన దగ్గర గణిత శాఖల్లో ఫ్లూయిడ్ మెకానిక్స్ పని ఎక్కువ. మైక్రోపోలార్ ద్రవాలు, నానోఫ్లూయిడ్లు, సాగే పలక మీద ప్రవాహం, ఉష్ణ ప్రసరణ, ఇలాంటివి. అవి పడే జర్నళ్ళు చాలావరకు ఇంజనీరింగ్, ఫిజిక్స్, కెమికల్ ఇంజనీరింగ్ ముద్రల కింద ఉంటాయి. ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్ హీట్ అండ్ మాస్ ట్రాన్స్‌ఫర్‌నే తీసుకోండి. దానికి ఉన్న ముద్రలు మెకానికల్ ఇంజనీరింగ్, కండెన్స్డ్ మ్యాటర్ ఫిజిక్స్, ఫ్లూయిడ్ ఫ్లో. గణితం ముద్ర లేనే లేదు. గణితం సారు రాసిన పేపరు గణితంలో కనిపించదు, గణితం కాని పేపరు కనిపిస్తుంది. ఈ రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయని మాత్రం అనుకోకండి.

స్టాటిస్టిక్స్‌కూ ఇదే బాధ. 2613 గణితం కింద ఉంది, దాదాపు అదే పేరుతో 1804 అని డెసిషన్ సైన్సెస్ కింద ఇంకోటి ఉంది.

కాబట్టి సబ్జెక్టు టిక్కు వదిలేయండి. శాఖలో పనిచేసే మనుషుల పేర్లతో లెక్క తీయండి.

జమ్మికుంట_పత్తి (సోమవారం, సాయంత్రం 4:45)
సామాజిక శాస్త్రాల అంకె ఎందుకు తగ్గిందో కూడా అక్కడే ఉంది. స్కోపస్‌లో ‘సోషల్ సైన్సెస్’ అంటే 33తో మొదలయ్యే కోడ్‌లు: సోషియాలజీ, పొలిటికల్ సైన్స్, ఎడ్యుకేషన్, లా, లైబ్రరీ సైన్స్, ఆంథ్రోపాలజీ వగైరా. ఎకనామిక్స్ అందులో లేదు, అది 20. సైకాలజీ 32. కామర్స్, మేనేజ్‌మెంట్ 14. హిస్టరీ పోయి ఆర్ట్స్ అండ్ హ్యుమానిటీస్ కింద 12లో ఉంది. మన యూనివర్సిటీల్లో ఫ్యాకల్టీ ఆఫ్ సోషల్ సైన్సెస్ అంటే ఎకనామిక్స్, హిస్టరీ అందులోనే కదా. ఒక్క టిక్కుతో సగం ఇల్లు బయటే ఉండిపోతుంది.

పోనీ ఐదు టిక్కులూ పెట్టి వచ్చిన అంకెలు కూడదామంటే అదీ కుదరదు. ఒకే జర్నలుకు 33, 20 రెండు ముద్రలూ ఉంటే ఆ పేపరు రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. ఐదు టిక్కులూ ఒకేసారి పెట్టి వచ్చే మొత్తాన్ని తీసుకోవాలి తప్ప విడివిడిగా తీసి కూడొద్దు.

అసలు సమస్య ఇంకా లోపల ఉంది. సామాజిక శాస్త్రాల పని సగం జర్నళ్ళలో ఉండదు. పుస్తకంగా, సంపాదకత్వం వహించిన సంపుటిలో అధ్యాయంగా, ఐసీఎస్ఎస్ఆర్ (సామాజిక శాస్త్రాల పరిశోధనకు నిధులిచ్చే జాతీయ మండలి) ప్రాజెక్టు రిపోర్టుగా, తెలుగు వ్యాసంగా ఉంటుంది. వరంగల్ దరీలకు 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. కొత్తవాడ మగ్గాల మీద కూలి లెక్క, నూలు ధర, సొసైటీల అప్పు, వీటి మీద ఒక మంచి అధ్యయనం తెలుగులో పుస్తకంగా వస్తే స్కోపస్‌కు అది కనిపించదు. మేడారం జాతర మీద, కోయ గూడేల భూమి హక్కుల మీద జరిగే పనికీ అంతే.

నక్కలగుట్ట (సోమవారం, రాత్రి 8:30)
అలా అయితే ప్రతి సెమినార్ సావనీరునూ పరిశోధన అంటారు. ఎన్ఐఆర్ఎఫ్ (విద్యాసంస్థలకు జాతీయ ర్యాంకులిచ్చే) వాళ్ళు స్కోపస్, అలాంటిదే ఇంకో డేటాబేస్ వెబ్ ఆఫ్ సైన్స్ మాత్రమే చూస్తారు. ఒక గీత గీయాలి కదా. ఆ గీత స్కోపస్ అనుకుంటే గొడవ ఉండదు.

మెట్టుగుట్ట (సోమవారం, రాత్రి 9:10)
గీత ఉండాలి, ఒప్పుకుంటాను. కానీ స్కోపస్ గీత గణితానికి కూడా చాలదు. అందులో ఏఐపీ కాన్ఫరెన్స్ ప్రొసీడింగ్స్ లాంటివి కూడా ఉన్నాయి. నాలుగు పేజీల కాన్ఫరెన్స్ పేపరు, రెండేళ్ళు రిఫరీల దగ్గర నలిగి వచ్చిన ముప్పై పేజీల పేపరు, రెండూ అక్కడ ‘ఒకటి’ కిందే లెక్క.

గణితానికి సొంత సూచికలు ఉన్నాయి. అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ 1940 నుంచి నడుపుతున్న మ్యాథమెటికల్ రివ్యూస్ ఇప్పుడు మ్యాథ్‌సైనెట్ రూపంలో ఉంది. దానికి చందా కట్టాలి. 1931లో జర్మనీలో మొదలైన జెంట్రల్‌బ్లాట్ ఇప్పుడు జెడ్‌బీమ్యాథ్ ఓపెన్. 2021 నుంచి ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. అక్కడ ముద్ర జర్నలుకు కాదు, ఒక్కో పేపరుకూ వేస్తారు. 76 అంటే ఫ్లూయిడ్ మెకానిక్స్, 05 కాంబినటోరిక్స్, 06 లాటిస్‌లు, 54 టోపాలజీ, 62 స్టాటిస్టిక్స్. సెర్చ్ డబ్బాలో రచయిత పేరుకు ‘ఏయూ’, సంవత్సరానికి ‘పీవై’, వర్గానికి ‘సీసీ’ అని ఇంగ్లీషు చిన్న అక్షరాలతో కొట్టి, కోలన్ పెట్టి విలువ ఇస్తే చాలు. శాఖ జాబితాలో ఉన్న ఒక్కో పేపరూ అక్కడ ఉందో లేదో చూసి, షీటులో ఒక కాలమ్‌లో ‘ఉంది’, ‘లేదు’ రాయండి. శాఖలో గణితం ఏ వైపు నడుస్తోందో ఆ ఒక్క కాలమ్ చెప్పినంత స్పష్టంగా మొత్తం సంఖ్య చెప్పదు. ఉష్ణ ప్రసరణ పేపర్లు కొన్ని అందులో ఉండవు, దాన్ని తప్పుగా చూడకండి. అప్లైడ్ పని వేరే జర్నళ్ళకు పోతుంది, అంతే.

ఇంకొకటి. శుద్ధ గణితంలో రచయితల పేర్లు అక్షర క్రమంలో వేస్తారు. ‘ఫస్ట్ ఆథర్’ అనే కాలమ్ పెట్టి మార్కులు వేస్తే ఇంటిపేరు ఇంగ్లీషులో ‘వై’తో మొదలయ్యేవాళ్ళు అన్యాయమైపోతారు.

వడ్డేపల్లి (మంగళవారం, ఉదయం 9:40)
చాలా ఉపయోగంగా ఉంది, ధన్యవాదాలు సార్. మనుషుల పేర్లతో మొదలుపెట్టాలంటే షీటు ఎలా కట్టాలి? మేడం, కొంచెం వరసగా చెప్తారా?

లైబ్రరీ_అక్క (మంగళవారం, మధ్యాహ్నం 12:30)
రెండు షీట్లు కావాలి. ఒకటి మనుషులది, ఒకటి పేపర్లది.

మనుషుల షీటులో: పేరు (సర్వీసు రిజిస్టర్లో ఉన్నట్టు), పేపర్లలో వాడిన అన్ని రూపాలు, శాఖ, చేరిన తేదీ, వెళ్ళిన లేదా రిటైరైన తేదీ, ఆర్కిడ్ నంబరు (పరిశోధకుడికి ప్రపంచమంతా ఒకటే ఉండే గుర్తింపు సంఖ్య), స్కోపస్ ఆథర్ ఐడీ, విద్వాన్ (మన దేశ పరిశోధకుల డేటాబేస్) ఐడీ. ఆర్కిడ్ పదహారు స్థానాల నంబరు. చివరి స్థానంలో అంకెకు బదులు ‘ఎక్స్’ అక్షరం రావచ్చు. ఎక్సెల్ ఆ గడిని నంబరుగా తీసుకుంటే ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. ముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చి పెట్టుకోండి.

తెలుగు పేర్ల దగ్గర ఓపిక కావాలి. ఇంటిపేరు కొందరు ముందు రాస్తారు, కొందరు చివర, కొందరు ఒక్క అక్షరంతో సరిపెడతారు. రెడ్డి, రావు, శ్రీనివాస్ అని చివర వచ్చేసరికి స్కోపస్ వాటినే ఇంటిపేరు అనుకుంటుంది. ‘రెడ్డి, కె.’ అనే ఒక్క ఆథర్ ఐడీలో ముగ్గురు మనుషుల పేపర్లు కలిసి ఉండడం, ఒకే మనిషి పేపర్లు మూడు ఐడీల్లో చెదిరి ఉండడం, రెండూ మామూలే. ఐడీ తెరవగానే పేపర్ల విషయాలు చూడండి. ఫ్లూయిడ్ ఫ్లో పక్కన కిడ్నీ జబ్బుల పేపరు ఉంటే ఆ ఐడీ కలగాపులగమైనట్టే. స్కోపస్‌లోనే ఆథర్ ఫీడ్‌బ్యాక్ అని ఉంటుంది, దాంట్లో విడదీయమని, కలపమని అడగొచ్చు. సరిచేయడానికి టైం పడుతుంది కాబట్టి రిపోర్టు గడువుకు చాలా ముందే పెట్టండి.

పేపర్ల షీటులో ఒక్కో పేపరుకు ఒక్కో వరుస. శీర్షిక, అందరు రచయితలు, అందులో మనవాళ్ళెవరు, మొత్తం రచయితలు ఎంతమంది, మనవాళ్ళు ఎంతమంది, శాఖ, జర్నల్, ఐఎస్ఎస్ఎన్ (జర్నల్ గుర్తింపు సంఖ్య), సంవత్సరం, డీఓఐ (పేపరు శాశ్వత గుర్తింపు సంఖ్య), రకం (వ్యాసం, సమీక్ష, కాన్ఫరెన్స్, అధ్యాయం, పుస్తకం), ఎక్కడ కనిపించింది (స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్, జెడ్‌బీమ్యాథ్, గూగుల్ స్కాలర్, రచయిత ఇచ్చింది), పేపరులో అచ్చైన అడ్రసు.

నకళ్ళు తీసేసేటప్పుడు డీఓఐతో మొదలుపెట్టండి. ముందున్న వెబ్ అడ్రసు ముక్క కొట్టేసి ‘10.’తో మొదలయ్యేలా చేసి, అన్నీ చిన్న అక్షరాల్లోకి మార్చండి. డీఓఐలో పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా ఉండదు, కానీ గడుల్ని పోల్చడానికి మీరు వాడే ఫార్ములానో స్క్రిప్టో ఆ తేడా పట్టుకుంటే ఒకే పేపరు రెండు వరుసల్లో మిగిలిపోతుంది. డీఓఐ లేనివాటికి శీర్షికలో కామాలు, ఖాళీలు తీసేసి పోల్చండి. ఆర్కైవ్ ప్రీప్రింట్ (జర్నల్లో రాకముందే ఆన్‌లైన్‌లో పెట్టిన ప్రతి), జర్నల్ పేపరు రెండూ ఉంటే జర్నల్ దాన్నే ఉంచండి. సవరణ నోటీసులు, ఎర్రాటాలు లెక్కలోకి రావు. ఉపసంహరించిన పేపరు ఉంటే తీసేసి, అది తీసేసిన సంగతి కూడా రాసి పెట్టండి.

సంవత్సరం దగ్గర అందరూ తడబడతారు. ఆన్‌లైన్‌లో డిసెంబర్ 2023లో వచ్చి, సంపుటిలో 2024 అని ఉంటే? ఏదో ఒక నియమం పెట్టుకోండి, అన్ని శాఖలకూ అదే వాడండి. సంపుటి సంవత్సరం తీసుకుంటే స్కోపస్‌తో సరిపోతుంది. ఒక శాఖ ఆన్‌లైన్ తేదీ, ఇంకో శాఖ సంపుటి తేదీ ఇస్తే ఐదేళ్ళ హద్దు దగ్గర కొన్ని పేపర్లు రెండుసార్లు పడతాయి, కొన్ని అసలు పడవు.

కాజీపేట_జంక్షన్ (మంగళవారం, సాయంత్రం 6:05)
మేడం చెప్పిన ‘మొత్తం రచయితలు’, ‘మనవాళ్ళు’ కాలమ్‌లు తప్పకుండా పెట్టండి, వాటితోనే అసలు లెక్క తేలుతుంది.

మూడు పేపర్లు ఉన్నాయనుకోండి. మొదటిదానికి ఇద్దరు రచయితలు, ఇద్దరూ మనవాళ్ళే. రెండోదానికి నలుగురు, మనవాళ్ళు ఒకరు. మూడోదానికి ఐదుగురు, మనవాళ్ళు ఇద్దరు. పూర్తి లెక్కలో 3. వాటా లెక్కలో, అంటే మనవాళ్ళ సంఖ్యను మొత్తం రచయితల సంఖ్యతో భాగిస్తే, 1, 0.25, 0.4 కలిపి 1.65. రిపోర్టులో రెండూ ఇవ్వండి. శాఖల మొత్తాలు కూడితే యూనివర్సిటీ మొత్తం కంటే ఎక్కువ వస్తుంది, ఎందుకంటే గణితం, స్టాటిస్టిక్స్ శాఖల వాళ్ళు కలిసి రాసిన పేపరు రెండు చోట్లా ఉంటుంది. యూనివర్సిటీ మొత్తం తీసేటప్పుడు ఆ పేపరు ఒక్కసారే.

యూనివర్సిటీ హెచ్-ఇండెక్స్ అంటూ అధ్యాపకుల హెచ్-ఇండెక్స్‌లు కూడి, లేదా సగటు తీసి రాసినవి కనిపిస్తుంటాయి. రెండూ తప్పే. 2005లో హిర్ష్ చెప్పిన నిర్వచనం ప్రకారం అన్ని పేపర్లనూ సైటేషన్లు (వేరే పేపర్లు ఉదహరించిన సార్లు) ఎక్కువ నుంచి తక్కువకు ఒకే వరుసలో పెట్టాలి. తన వరుస సంఖ్యకు తగ్గకుండా సైటేషన్లు ఉన్న చివరి పేపరు సంఖ్యే హెచ్. సైటేషన్లు 25, 12, 9, 6, 5, 5, 2 అనుకోండి. ఐదో పేపరుకు 5 ఉన్నాయి, సరిపోయింది. ఆరో పేపరుకు 6 కావాలి, 5 ఉన్నాయి. కాబట్టి హెచ్ 5. మొదటి పేపరుకు 25 బదులు 400 ఉన్నా ఇది మారదు.

సగటు మాత్రం మారిపోతుంది. స్కోపస్‌లో ఎఫ్‌డబ్ల్యూసీఐ అని ఉంటుంది. అదే రంగం, అదే సంవత్సరం, అదే రకం పేపర్ల ప్రపంచ సగటును 1గా పెట్టి పోలుస్తుంది. అచ్చైన సంవత్సరం, ఆపై మూడేళ్ళ సైటేషన్లు తీసుకుంటుంది. ఇరవై పేపర్ల శాఖలో పంతొమ్మిదింటికి 0.4 ఉండి, ఒక్కదానికి 15 ఉంటే సగటు 1.13. శాఖ మొత్తం ప్రపంచ సగటును దాటినట్టు కనిపిస్తుంది. మధ్యగతం 0.4 దగ్గరే ఉంటుంది. చిన్న శాఖలకు సగటు ఒక్కటే ఇస్తే చదివేవాళ్ళను తప్పుదారి పట్టించినట్టే. మధ్యగతం, ఒక్క సైటేషన్ కూడా లేని పేపర్ల శాతం, ఈ రెండూ పక్కన పెట్టండి.

గణితాన్నీ సామాజిక శాస్త్రాలనూ సైటేషన్లతో పక్కపక్కన నిలబెట్టే పట్టిక మాత్రం అస్సలు వేయొద్దు. గణితంలో రిఫరెన్సుల జాబితాలు చిన్నవి, పేపర్లు నెమ్మదిగా వస్తాయి, పదేళ్ళ నాటి పేపరును ఇవాళ ఉదహరించడం మామూలు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (జర్నల్ పేపర్లకు వచ్చే సగటు సైటేషన్ల కొలత) రెండేళ్ళే చూస్తుంది. అందుకే మ్యాథ్‌సైనెట్ వాళ్ళు అలాంటిదే తమ సొంత కొలత ఎంసీక్యూకు (మ్యాథమెటికల్ సైటేషన్ కోషంట్) ఐదేళ్ళు పెట్టుకున్నారు. 2023లో వెబ్ ఆఫ్ సైన్స్ నడిపే క్లారివేట్ తన ‘హైలీ సైటెడ్ రీసెర్చర్స్’ జాబితాలోంచి గణితాన్నే పక్కన పెట్టింది. రంగం చిన్నది, సైటేషన్లు తక్కువ. కొద్దిమంది కలిసి ఒకరినొకరు ఉదహరించుకుంటే జాబితా మొత్తం వంకరపోతుంది.

ములుగు_రోడ్ (మంగళవారం, రాత్రి 9:50)
సార్, నాదొక డౌటు. యూజీసీ కేర్ లిస్టు, అదే యూజీసీ ఒప్పుకునే జర్నళ్ళ జాబితా, ఇప్పుడు లేదు కదా. మరి సోషల్ సైన్స్ పేపర్లల్ల ఏది అసలు జర్నల్, ఏది డబ్బులు తీసుకొని వేసే జర్నల్ అని ఎట్ల తేల్చాలె? మా దోస్తుల పేపర్లు శానా కేర్ ఉన్నప్పుడు వచ్చినయే.

లైబ్రరీ_అక్క (బుధవారం, ఉదయం 10:20)
తమ్ముడూ, కేర్ 2019లో మొదలైంది, తీసేసినట్టు యూజీసీ 2025 ఫిబ్రవరిలో చెప్పింది. కేర్ ఉన్న కాలంలో వచ్చిన పేపరుకు ఆ రోజు జాబితాలో జర్నల్ ఉందా లేదా అనేదే ప్రమాణం. ఆనాటి జాబితా పేజీ ప్రింట్ గానీ స్క్రీన్‌షాట్ గానీ ఉంటే పేపరు ఫైలుకు జతచేయండి. అంతకుముందున్న యూజీసీ ఆమోదిత జాబితాను గుడ్డిగా నమ్మొద్దు. 2018 మేలో యూజీసీయే అందులోంచి 4,305 జర్నళ్ళను తొలగించింది.

జర్నల్ నిజమైనదో కాదో చూడ్డానికి మొదటి మెట్టు ఐఎస్ఎస్ఎన్. చేత్తోనే సరిచూడొచ్చు. ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ నంబరు 0012-9976. మొదటి ఏడు అంకెలను వరసగా 8, 7, 6, 5, 4, 3, 2తో గుణించి కూడండి. మొదటి రెండూ సున్నాలు. ఆ తర్వాత 1×6, 2×5, 9×4, 9×3, 7×2. అంటే 6, 10, 36, 27, 14, మొత్తం 93. 11తో భాగిస్తే శేషం 5. 11లోంచి 5 తీసేస్తే 6. చివరి అంకె 6, సరిపోయింది. తేడా 10 వస్తే చివర ‘ఎక్స్’ ఉంటుంది, శేషం సున్నా వస్తే చివరి అంకె సున్నా.

ఇది కుదరకపోతే ఆ నంబరు తప్పుగా ఎక్కించారన్నా కావాలి, కల్పించారన్నా కావాలి. కుదిరినంత మాత్రాన జర్నల్ అసలుదని కాదు. నకిలీ జర్నళ్ళు అసలు జర్నల్ ఐఎస్ఎస్ఎన్‌నే వాడుకుంటాయి. అందుకని రెండో మెట్టు: ఐఎస్ఎస్ఎన్ పోర్టల్‌లో ఆ నంబరు కొట్టి, అక్కడున్న పేరు, దేశం, ప్రచురణకర్త మీ చేతిలో ఉన్నవాటితో కలుస్తున్నాయా చూడండి. మూడోది: డీఓఐ ఇచ్చారంటే దాన్ని డీఓఐ సైటులో వేసి చూడండి, అది ఆ జర్నల్ పేజీకే పోవాలి. నాలుగోది: స్కోపస్ సోర్సెస్ జాబితాలో కవరేజ్ సంవత్సరాలు. ‘కవరేజ్ ఆపేశారు’ అని ఉంటే, ఆపిన సంవత్సరానికి ముందు వచ్చిన పేపరు స్కోపస్ పేపరే, తర్వాత వచ్చింది కాదు. జర్నల్ వాళ్ళు మాత్రం తమ సైటు మీద స్కోపస్ బొమ్మ తీయరు.

జమ్మికుంట_పత్తి (బుధవారం, మధ్యాహ్నం 2:15)
నక్కలగుట్ట గారు అడిగిన గీత సంగతి మిగిలిపోయింది. సావనీరును పరిశోధన అనమని నేను చెప్పలేదండి. తెలుగు పని లెక్కలోకి రావాలంటే దానికీ పరీక్ష పెట్టాలి.

పుస్తకాలకు నేను మూడు ప్రశ్నలు అడుగుతాను. అచ్చుకు ముందు రచయితకు సంబంధం లేని మనిషి రాతప్రతిని చదివి అభిప్రాయం రాశారా, ఆ ఉత్తరం ఉందా? క్షేత్ర సమాచారం ఎక్కడ, ఎవరి నుంచి, ఎలా సేకరించారో పుస్తకంలో రాశారా? ఇంతకుముందున్న పనిని ఉదహరించారా? మూడింటికీ అవును అంటే పరిశోధన గ్రంథం. ఐఎస్‌బీఎన్ ఉందనేది పరీక్ష కానే కాదు. మన దేశంలో రాజా రామమోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ ఐఎస్‌బీఎన్‌లు ఉచితంగానే ఇస్తుంది. అది పుస్తకానికి గుర్తింపు సంఖ్య, నాణ్యత ముద్ర కాదు. కాలేజీ సెమినార్ సంపుటాలు ఐఎస్‌బీఎన్‌తో వస్తాయి, వాటిని విడి కాలమ్‌లో వేయండి. తెలుగు అకాడమీ పాఠ్యపుస్తకం రాయడం మంచి పనే, కానీ అది బోధన కింద రావాలి.

షీటులో తెలుగు శీర్షికను తెలుగులోనే రాసి, పక్క గడిలో ఇంగ్లీషు అక్షరాల్లో ఒకే పద్ధతిలో రాయండి. ఒకరు ఒకలా, ఇంకొకరు ఇంకోలా రాస్తే ఒకే పుస్తకం రెండు వరుసలవుతుంది. 2015లో వచ్చిన లైడెన్ మ్యానిఫెస్టోలో పది సూత్రాలున్నాయి. మూడోది స్థానికంగా పనికొచ్చే పరిశోధనను కాపాడాలంటుంది. రిపోర్టు ముందుమాటలో దాన్ని ఉదహరించి, స్కోపస్ పట్టిక ఒకటి, స్కోపస్ బయట పట్టిక ఒకటి వేరువేరుగా ఇవ్వండి. రెండూ కలిపి ఒకే అంకె చేయొద్దు. అప్పుడు ఎన్ఐఆర్ఎఫ్ కోసం చూసేవాళ్ళకు మొదటి పట్టిక ఉంటుంది, ఈ జిల్లాల మీద ఏం పని జరిగిందో చూడాలనుకునేవాళ్ళకు రెండోది ఉంటుంది.

నక్కలగుట్ట (బుధవారం, మధ్యాహ్నం 3:00)
రెండు పట్టికలైతే నాకు అభ్యంతరం లేదు. ఆ చదివిన మనిషి ఉత్తరం అడగడం బాగుంది. చాలామంది దగ్గర ఉండదు, కానీ అడగడం మొదలుపెడితే వచ్చే పుస్తకాలకైనా రాయించుకుంటారు.

ములుగు_రోడ్ (బుధవారం, సాయంత్రం 5:30)
పీహెచ్‌డీ థీసిస్‌లు ఏ పట్టికల వస్తయి?

మెట్టుగుట్ట (బుధవారం, సాయంత్రం 7:15)
మూడో పట్టికలో. థీసిస్‌ను పేపర్లతో కలిపితే ఒకే ఫలితం రెండుసార్లు లెక్కలోకి వస్తుంది, గణితంలో థీసిస్ అధ్యాయాలే పేపర్లుగా వస్తాయి కాబట్టి. శోధ్‌గంగ (మన దేశ థీసిస్‌ల ఆన్‌లైన్ భాండాగారం) నుంచి జాబితా తీస్తే ఎక్కించిన తేదీని పట్టా ఇచ్చిన తేదీ అనుకోకండి. పాత థీసిస్‌లను స్కాన్ చేసి ఎప్పుడో ఎక్కిస్తారు. పరీక్షల విభాగం ఇచ్చే అవార్డు జాబితాతో పోల్చి తేదీ వేయండి. 2022 నవంబర్ యూజీసీ నియమాల తర్వాత థీసిస్‌కు ముందు పేపరు వేయడం తప్పనిసరి కాదు. ఐదేళ్ళ పట్టికలో ఆ తర్వాత స్కాలర్ల పేపర్లు తగ్గినట్టు కనిపిస్తే, పని తగ్గిందని రాసేముందు ఈ కారణం కూడా చూడండి.

వడ్డేపల్లి (గురువారం, ఉదయం 9:25)
రెండే చిక్కులు మిగిలాయి. ఐదేళ్ళ మధ్యలో రిటైరైన ప్రొఫెసర్ పేపర్లు, వేరే యూనివర్సిటీ నుంచి ఇక్కడికి వచ్చి చేరినవాళ్ళ పాత పేపర్లు. వీటిని ఎటు వేయాలి?

లైబ్రరీ_అక్క (గురువారం, ఉదయం 11:10)
పేపరులో అచ్చైన అడ్రసు ఏదైతే అటే. కొత్తగా చేరినవాళ్ళ పాత పేపరులో వేరే యూనివర్సిటీ పేరు ఉంటే అది వాళ్ళ ప్రొఫైల్‌లో ఉంటుంది, మన లెక్కలో ఉండదు. ఐఆర్ఐఎన్ఎస్ (అధ్యాపకుల పరిశోధన ప్రొఫైళ్ళ వెబ్ సేవ) పేజీ మనిషి మొత్తం పేపర్లు చూపిస్తుంది కాబట్టి అక్కడి శాఖ మొత్తాన్ని నేరుగా తెచ్చి రిపోర్టులో వేస్తే ఇక్కడే ఎక్కువ పడుతుంది. రిటైరైన సారు తర్వాత కూడా మన అడ్రసుతో వేస్తే పేపరు మనదే, కానీ ‘ఒక్కో అధ్యాపకుడికి ఎన్ని’ అని భాగించేటప్పుడు ఆయన హారంలో ఉండరు. ఆ పేపర్లు ఎన్నో పట్టిక కింద ఒక గమనికలో రాయండి. రెండు అడ్రసులు వేసుకున్న పేపరును పూర్తి లెక్కలో 1గా ఉంచి, వాటా లెక్కలో ఆ రచయిత వాటాను సగం చేయండి.

కాజీపేట_జంక్షన్ (గురువారం, మధ్యాహ్నం 12:40)
ఒకటి కలుపుతాను. సైటేషన్లన్నీ ఒకే రోజు తీయండి, ఆ తేదీ ప్రతి పట్టిక మీదా వేయండి. గణితం సోమవారం తీసి, ఎకనామిక్స్ నెల తర్వాత తీస్తే రెండింటికీ ఒకే గడువు ఉండదు. స్కోపస్ నుంచి దించిన సీఎస్‌వీని తాకకుండా ఒక కాపీ ఉంచి, మార్పులన్నీ ఇంకో కాపీలో చేయండి. న్యాక్ డీవీవీ (గుర్తింపు కోసం ఇచ్చిన డేటాను సరిచూసే) వాళ్ళు ఒక్కో పేపరుకూ లింకు అడుగుతారు, డీఓఐ లేని వరుసలకు జర్నల్ పేజీ లింకును ఇప్పుడే ఆ షీటులో పెట్టుకుంటే అప్పుడు వెతుక్కోనక్కర్లేదు.